ఊరు పెరగాలి, చెరువూ బతకాలి: నగరంలో పచ్చదనం ప్రణాళికపై తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఒక చెరువు దిగువన ఉన్న కాలనీలో చాలా ఏళ్లుగా ఉంటున్నాను. కాలనీ మీటింగుల్లో, వాట్సాప్ గ్రూపుల్లో, వానాకాలం రాత్రుళ్లు మెట్ల మీద కూర్చుని నీటిమట్టం చూసుకుంటున్నప్పుడు పక్కింటివాళ్లు అడిగిన ప్రశ్నలే ఇవి. ఉదాహరణలు ఎక్కువగా హైదరాబాద్‌వే. మధ్యలో ఒకసారి బెజవాడ కూడా వెళ్లొస్తాను.

గ్రీన్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ అంటే ఏంటి? పార్కులనేనా అంత పెద్ద పేరుతో పిలుస్తున్నారు?

పార్కు అందులో ఒక ముక్క. ఊరికి రోడ్డు, కరెంటు, డ్రైనేజీ ఎంత అవసరమో వాన నీటిని పట్టి ఉంచే చెరువు, ఆ నీటిని మోసే వాగు, వాగు ఒడ్డున గడ్డి, వీధి చెట్లు, గుట్టలు, నీళ్లు ఇంకే మట్టి నేల కూడా అంతే అవసరం. ఇవన్నీ రోజూ పని చేస్తూనే ఉంటాయి. ఆ పనిని గుర్తించి మాస్టర్ ప్లాన్‌లో చోటు, బడ్జెట్‌లో డబ్బు, చూసుకోవడానికి ఒక మనిషిని కేటాయించడమే ఈ ప్రణాళిక. ఇంకో సంగతి, ఇవన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఉండాలి. విడివిడిగా పది పార్కులు ఉన్నా, వాటి మధ్య నీటికి దారి లేకపోతే, పిట్టకు చెట్టు నీడ లేకపోతే సగం పనే జరుగుతుంది.

ఇదంతా విదేశాల నుంచి తెచ్చుకున్న ఆలోచన కాదా?

పేరు బయటిదే, పని మనకు పాతదే. మన బస్తీల పేర్లు చూడండి. బాగ్‌లింగంపల్లి, బషీర్‌బాగ్, జాంబాగ్, కుందన్‌బాగ్, మూసారాంబాగ్. బాగ్ అంటే తోట. నల్లకుంట, బతుకమ్మకుంట, మాసాబ్ ట్యాంక్. మాసాబ్ ట్యాంక్‌లో ట్యాంకు ఇప్పుడు లేదు, పేరే మిగిలింది. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో 1562లో హుస్సేన్ సాగర్ కట్టారు. చార్మినార్ అప్పటికి ఇంకా లేదు. చెరువు ముందు వచ్చింది, నగరం తర్వాత వచ్చింది.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేల మంది చనిపోయారు. అప్జల్‌గంజ్‌లో ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు దగ్గర ఇప్పటికీ ఏటా ఆ రోజున జనం చేరి మృతులను తలుచుకుంటారు. వరద తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన నగరంలో గోడలు కట్టించడంతో సరిపెట్టలేదు. నీళ్లు నగరానికి రాకముందే ఎగువన నిలపాలన్నాడు. అలా మూసీ మీద 1920లో ఉస్మాన్ సాగర్, దాని ఉపనది ఈసీ మీద 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టినవే తాగునీళ్లూ ఇచ్చాయి. ఒకే ఏర్పాటు రెండు మూడు పనులు చేయాలని ఇప్పటి ప్లానర్లు చెప్పేది కూడా ఇదే.

గొలుసుకట్టు చెరువులు అంటారు కదా, అవి ఎలా పని చేస్తాయి? మధ్యలో ఒక కుంట పోతే ఏమవుతుంది?

దక్కన్ నేల రాతి నేల. నీళ్లు తొందరగా ఇంకవు, పల్లానికి పరుగెడతాయి. అందుకే మన పెద్దలు ఒక వాగు మీద పైనుంచి కిందికి వరసగా కట్టలు కట్టారు. పై కుంట నిండితే మత్తడి (అదనపు నీళ్లు పొర్లిపోయే గట్టు, దీన్నే అలుగు అంటారు) దూకి కింది చెరువులోకి, అది నిండితే దాని అలుగు మీదుగా ఇంకో చెరువులోకి. చివరికి మూసీకి. ప్రతి చెరువు దగ్గరా నీళ్లు కాసేపు ఆగుతాయి. ఆ కాసేపే నగరాన్ని కాపాడేది. తూము (చెరువు నీళ్లు వదిలే గేటు) ఎప్పుడు తెరవాలి, కట్ట ఎక్కడ మెత్తబడింది అని చూసుకోవడానికి నీరటి ఉండేవాడు. పెద్ద వాన పడితే గొడుగో గోనెసంచో కప్పుకుని రాత్రంతా కట్ట మీదే ఉండేవాడు.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. పదెకరాల కుంట, సగటు లోతు మీటరున్నర అనుకోండి. అందులో పట్టే నీళ్లు దాదాపు 6 కోట్ల లీటర్లు. 10 వేల లీటర్ల ట్యాంకర్లు 6 వేలు. ఆ కుంటను మట్టితో నింపి ప్లాట్లు చేశామనుకోండి, ఆ 6 వేల ట్యాంకర్ల నీళ్లు పోయేదెక్కడికి? కింది చెరువు మీదికి. దాని కట్ట అంత బరువుకు కట్టింది కాదు. పైగా ఎగువ నేలంతా కాంక్రీటు అయిపోయింది కాబట్టి ఒకప్పుడు రోజంతా మెల్లగా వచ్చే నీళ్లు ఇప్పుడు గంటలో వచ్చేస్తాయి.

2020 అక్టోబర్ 13 రాత్రి చూశాం. ఘట్‌కేసర్ వైపు ఒక్కరోజులో 30 సెంటీమీటర్లు దాటి కురిసింది. పాతబస్తీ పక్కన ఆ రాత్రి పల్లె చెరువు, కొద్ది రోజులకే గుర్రం చెరువు తెగి హఫీజ్‌బాబానగర్ లాంటి బస్తీలు మునిగాయి. గగన్‌పహాడ్ దగ్గర అప్పా చెరువు తెగి విమానాశ్రయం రోడ్డు కొట్టుకుపోయింది. ఆ వాన ఎక్కువే, కాదనను. కానీ గొలుసు తెగని చోట అంతే వాన అంత నష్టం చేయదు.

ఎఫ్‌టీఎల్, బఫర్, శిఖం. ఈ మూడింటికీ తేడా ఏంటి?

ఎఫ్‌టీఎల్ అంటే ఫుల్ ట్యాంక్ లెవెల్. చెరువు నిండి మత్తడి దూకబోయే సమయానికి నీళ్లు ఎంత దూరం పరుచుకుంటాయో ఆ హద్దు. ఎండాకాలంలో చెరువు మధ్యలో నిలబడి "ఇక్కడ నీళ్లెక్కడున్నాయి?" అంటే కుదరదు.

బఫర్ ఆ హద్దు తర్వాత వదలాల్సిన జాగా. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, ఆ పైన ఉన్న చెరువుకు 30 మీటర్లు. అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు. 10 మీటర్ల కంటే వెడల్పైన నాలాకు 9 మీటర్లు, చిన్న నాలాకు 2 మీటర్లు. నన్నడిగితే ఆ 2 మీటర్లు చాలా తక్కువ. నాలాలో పూడిక తీయడానికి వచ్చిన యంత్రం నిలబడేందుకు కూడా చాలదు.

శిఖం అంటే చెరువు లోపలి భూమి. నీళ్లు తగ్గినప్పుడు రైతులు అక్కడ పంట వేసుకునేవారు. కొన్ని చోట్ల దానికి పట్టాలు కూడా ఉన్నాయి. నీళ్లు లేనప్పుడు సాగు చేసుకునే హక్కు అది. ఇల్లు కట్టుకునే హక్కు కాదు. చాలా గొడవలు ఇక్కడే మొదలవుతాయి.

ఒక మోసం గురించి కూడా చెప్పాలి. మత్తడిని రాత్రికి రాత్రి ఒక అడుగో రెండడుగులో కొట్టేస్తారు. నీళ్లు ఆ మేరకు కిందే వెళ్లిపోతాయి, ఎఫ్‌టీఎల్ కుంచించుకుపోయినట్టు కనిపిస్తుంది, చుట్టూ ఎకరాలకెకరాలు బయటపడతాయి. మీ చెరువు మత్తడి ఎక్కడుందో తెలుసుకుని ఏటా ఒక ఫొటో తీసి పెట్టుకోండి.

ప్లాటుకు రిజిస్ట్రేషన్ అయింది, కరెంటు మీటరుంది, ఇంటి పన్ను కడుతున్నాం. అయినా చెరువులో ఉందంటే ఎలా?

ఈ ప్రశ్న అడిగేవాళ్ల కళ్లలో భయం చూశాను కాబట్టి తేలిగ్గా చెప్పలేను. రిజిస్ట్రేషన్ అంటే ఇద్దరి మధ్య అమ్మకం నమోదైందని. ఆ నేల మీద కట్టొచ్చని అది చెప్పదు. పన్ను కట్టినంత మాత్రాన, మీటరున్నంత మాత్రాన అనుమతి వచ్చినట్టు కాదు. నష్టపోయేది ఎక్కువగా జీవితమంతా దాచుకున్నది పెట్టి కొన్న మధ్యతరగతివాళ్లే. అమ్మినవాడు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటాడు.

కొనేముందు సర్వే నంబరు పట్టుకుని హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చెరువుల మ్యాపులు, గ్రామ నక్ష (ఊరి సర్వే పటం), పాత టోపో షీటు (నేల ఎత్తుపల్లాలు చూపే మ్యాపు), గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల బొమ్మలు చూడండి. ఆగస్టులో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి స్వయంగా వెళ్లండి. ఆ ఊళ్లో పెద్దవయసు వాళ్లను "ఇక్కడ నీళ్లు ఎక్కడిదాకా వచ్చేవి, తాతా?" అని అడగండి. ఆ జవాబు ఏ పత్రంలోనూ దొరకదు.

మా చెరువు చుట్టూ వాకింగ్ ట్రాక్ వేశారు, లైట్లు పెట్టారు, బాగుంది. ఇంకేం కావాలి?

పొద్దున్నే నేనూ అలాంటి ట్రాక్ మీదే నడుస్తాను. నడవడానికి చోటు దొరకడం చిన్న విషయం కాదు, ముఖ్యంగా ఆడవాళ్లకు, పెద్దవాళ్లకు. కానీ ట్రాక్ ఎక్కడ వేశారో చూడండి. ఎఫ్‌టీఎల్ లోపలికి జరిపి, చుట్టూ మట్టికట్ట పోసి, దానికి రాళ్లు పేర్చి వేస్తే చెరువు తొట్టెలా తయారవుతుంది. కట్ట బయట మిగిలిన చెరువు భూమి మెల్లగా ఎవరిదో అయిపోతుంది.

అంతకన్నా పెద్ద నష్టం ఒడ్డుది. చెరువు ఒడ్డు లోతు తక్కువగా, మెల్లగా వాలుతూ ఉండాలి. అక్కడే తుంగ, జమ్ము పెరుగుతాయి. మురికిలో కొంత వాటి వేళ్ల దగ్గరే ఆగిపోతుంది. కొంగలు, ఉల్లంకి పిట్టలు తిండి వెతుక్కునేది, చేపలు గుడ్లు పెట్టేది ఆ మోకాలి లోతు నీళ్లలోనే. నిటారు రాతి గోడ కడితే అవన్నీ పోయి గుర్రపుడెక్క మిగులుతుంది. అమీన్‌పూర్ చెరువు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు పొందింది. నగరం అంచున ఉన్న చెరువుకు ఆ గౌరవం దక్కడం దేశంలో అదే మొదలు. ఫౌంటెన్లు చూసి ఇచ్చిన గుర్తింపు కాదది. పక్షులు, ఒడ్డు, చుట్టూ ఉన్న రాళ్లు, తుప్పలు చూసి ఇచ్చింది.

ఒక చెరువును బాగు చేయాలంటే వరస ఇలా ఉండాలి: ముందు హద్దు తేల్చాలి, తర్వాత మురుగును పక్కకు మళ్లించి శుద్ధి చేయాలి, తర్వాత వాన నీళ్లు వచ్చే నాలాలు తెరవాలి, తర్వాత మత్తడి, తూము. లైట్లు, బెంచీలు చిట్టచివర. చాలా చోట్ల చివరి పనితో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతున్నాం.

పూడిపోయిన కుంట మళ్లీ బతుకుతుందా?

బతుకుతుంది. అంబర్‌పేటలో బతుకమ్మకుంట ఏళ్ల తరబడి చెత్త, మట్టి కింద ఉండిపోయింది. చెరువులు, నాలాల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా 2025లో తవ్వడం మొదలుపెట్టగానే కొన్ని అడుగుల లోతులోనే నీళ్లు ఊరాయి. ఆ ఏడే కుంట మళ్లీ జనానికి అందింది. అసలు కుంట ఇంకా పెద్దది, ఇప్పుడు దక్కింది ఐదెకరాల పైచిలుకు. అయినా ఆ నీళ్లు చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

నగరంలో పచ్చదనం బాగా పెరిగిందని ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. మరి ఎండలెందుకు ఇలా?

ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 2021 నివేదిక ప్రకారం హైదరాబాద్‌లో అటవీ విస్తీర్ణం పదేళ్లలో 33.15 చదరపు కిలోమీటర్ల నుంచి 81.81కి పెరిగింది. మహానగరాల్లో అదే ఎక్కువ పెరుగుదల. 2015లో మొదలైన హరితహారం, ఔటర్ రింగ్ రోడ్డు వెంట పెంచిన చెట్లు కళ్లముందే ఉన్నాయి, ఆ శ్రమను తక్కువ చేయకూడదు.

అయితే ఆ లెక్కలో అడవి అంటే హెక్టారు, ఆ పైన ఉన్న జాగాలో చెట్ల నీడ 10 శాతం దాటితే చాలు. ఏ చెట్టు, ఎవరి భూమి అన్నది చూడరు. కేబీఆర్ పార్కు నీడ జూబ్లీహిల్స్‌కు చల్లదనం ఇస్తుంది, మలక్‌పేట గల్లీలో రేకుల ఇంట్లో పడుకున్నవాళ్లకు ఇవ్వదు. చెట్టు చల్లదనం దాని చుట్టుపక్కలే ఉంటుంది. కాబట్టి నగరం మొత్తం మీద ఎంత శాతం అని అడగడం మానేసి, మీ ఇంటి నుంచి బస్టాపు దాకా నీడలో నడవగలరా అని అడగండి. చెట్టుకు చోటే లేని ఇరుకు బస్తీల్లో డాబాలకు తెల్లటి కూల్ రూఫ్ పూత వేయడం ఒక దారి. తెలంగాణ 2023లో దీనికి ప్రత్యేకంగా ఒక విధానం తెచ్చింది.

ఏ చెట్లు నాటాలి?

వేప, కానుగ, నేరేడు, రావి, చింత, రేల, మోదుగ. జాగా, పైనున్న కరెంటు తీగలు చూసుకుని. తొందరగా పచ్చగా కనిపించాలని డివైడర్ల నిండా కోనోకార్పస్ అనే విదేశీ మొక్క నాటారు. ఫిర్యాదులు పెరిగి, 2022లో తెలంగాణలో దాన్ని నాటవద్దన్నారు. విశాఖలో ఏడాకుల పాల చెట్ల పూల వాసనకు జనం ఇబ్బంది పడ్డారు. అది మన దేశపు చెట్టే, ఒకే చెట్టును వీధుల నిండా వరసగా పెట్టడమే తప్పు. మొక్క చుట్టూ కనీసం మీటరు మేర సిమెంటు వేయకుండా వదిలేయండి. మెడదాకా కాంక్రీటు పోసిన చెట్టే గాలివానకు పడుతుంది.

రోడ్డుకు అడ్డొచ్చిన పెద్ద చెట్టును వేరే చోటికి తరలించొచ్చు కదా?

కొన్ని బతుకుతాయి, అది కూడా ముందే వేళ్లు కత్తిరించి, నెలల తరబడి చూసుకుంటే. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల చేవెళ్ల రోడ్డును వెడల్పు చేయాలనుకున్నప్పుడు దాని మీద 900కు పైగా మర్రిచెట్లున్నాయి. ఆ విషయం ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) దాకా వెళ్లింది. చెట్లను వీలైనంత వరకు మధ్యలో ఉంచి రోడ్డును పక్కకు జరపాలని అడిగినవాళ్లు అభివృద్ధికి అడ్డుపడ్డారని నేను అనుకోను. మంచి ఇంజినీరింగ్ అడిగారు.

అందరికీ ఇళ్లు కావాలి, ఉద్యోగాలు కావాలి. అన్నిచోట్లా వద్దంటే ఊరెలా పెరుగుతుంది?

నేనూ జిల్లా నుంచి బతుకుదెరువుకు వచ్చినవాడినే, నా తర్వాత వచ్చేవాళ్లకు తలుపు మూయమని ఎలా అంటాను? ఎక్కడ కట్టాలి అన్నదే నా ప్రశ్న. ముందు కాగితం మీద నీటి దారులు, చెరువులు, గుట్టలు గీయాలి. వాటిని వదిలి మిగిలిన చోట రోడ్లు, ఆ రోడ్ల వెంట ఇళ్లు. మెట్రో, బస్సు దగ్గరున్న మెరక నేలలో ఎత్తుగా కట్టనివ్వండి. హైదరాబాద్‌లో ఎఫ్ఎస్ఐ (ప్లాటు సైజుకు ఎన్ని రెట్లు కట్టొచ్చన్న లెక్క) పరిమితిని 2006లోనే ఎత్తేశారు కాబట్టి ఎత్తుకు వెళ్లడానికి అవకాశం ఉంది.

ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జంట జలాశయాలను కాపాడటానికి, వాటి ఎగువన 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలు పెడుతూ 1996లో జీవో 111 వచ్చింది. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ జీవో 69 వచ్చింది. అక్కడి రైతుల బాధ నాకు అర్థమవుతుంది. పక్క ఊళ్లో ఎకరం కోట్లు పలుకుతుంటే నగరం కోసం వాళ్లొక్కరే ఎందుకు నష్టపోవాలి? నీటిని కాపాడే భూమికి నగరం ఏటా ఎంతో కొంత చెల్లించాలి, లేదా టీడీఆర్ (ఇక్కడ కట్టుకోలేని హక్కును వేరే చోట వాడుకునే, అమ్ముకునే వీలు) లాంటి ఏర్పాటుతో విలువ అందించాలి. ఆ న్యాయం చేయకుండా ఆంక్ష ఒక్కటే పెడితే అది ఎప్పుడో ఒకప్పుడు తెగుతుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలిలో చెట్లు కొట్టి చదును చేస్తున్న 400 ఎకరాల గొడవ 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టుకు చేరింది. బుల్డోజర్లు దిగాక కోర్టుకు వెళ్లే పరిస్థితి రాకూడదంటే ఏది అడవి, ఏది చెరువు, ఏది కట్టుకునే నేల అని ముందే ప్రకటించి ఉండాలి.

నాలా పక్కన గుడిసెల్లో ఉన్నవాళ్ల సంగతేంటి?

వరదలో ముందు మునిగేది వాళ్లే, బుల్డోజర్ ముందు వచ్చేదీ వాళ్ల మీదికే. వాళ్లను తీసేయాల్సి వస్తే పని దొరికే దూరంలో, పిల్లల బడి మారకుండా, ముందుగా ఇల్లు చూపించి తీయాలి. ఆ ఖర్చును చెరువు బాగుచేసే అంచనాలోనే రాయాలి. అలా రాయని ప్రాజెక్టును నేను పచ్చటి ప్రాజెక్టు అనలేను.

బెజవాడలో 2024లో జరిగింది కూడా ఇలాంటిదేనా?

చాలావరకు. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరుకు పోతుంది. వరద నీళ్లను వెలగలేరు దగ్గర మళ్లించి కృష్ణలోకి పంపే కాలువ ఉంది. 2024 సెప్టెంబర్ 1న ఆ కాలువకు గండ్లు పడి సింగ్‌నగర్ చుట్టుపక్కల రోజుల తరబడి మునిగింది. కృష్ణ నిండుగా ఉన్నప్పుడు ఆ కాలువ నీళ్లు నదిలోకి దిగవు. అటు కొల్లేరు వైపు పాత దారి ఇళ్లతో ఇరుకైంది. వాగు పొంగినప్పుడు పరుచుకోవడానికి దానికి సొంత చోటు ఉండాలి. మిగతా పదకొండు నెలలు అదే చోటు పిల్లల మైదానంగా, పశువుల మేతకు వాడుకోవచ్చు. సింగపూర్‌లో బిషాన్ దగ్గర కలాంగ్ నదిని అలాగే మార్చారు. 2.7 కిలోమీటర్ల సిమెంటు కాలువను తీసేసి 3.2 కిలోమీటర్ల వంకర వాగుగా చేసి 2012లో పార్కుతో కలిపారు. వాన లేనప్పుడు జనం ఒడ్డున కూర్చుంటారు, వాన వస్తే ఆ ఒడ్డు నీళ్లది.

మా ఇంటి మట్టుకు మేమేం చేయగలం?

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 200 గజాలంటే 167 చదరపు మీటర్లు. 5 సెంటీమీటర్ల వానకు మీ జాగా మీద పడేది 8 వేల లీటర్లకు పైనే. అది బోరు పక్కన ఇంకుడు గుంతలోకి వెళ్తుందా, వీధిలోకి వెళ్తుందా అన్నది మీ చేతిలో ఉంది. గుంతలో పైపొర ఇసుకను ఏటా వానలకు ముందు మార్చండి. మార్చకపోతే రెండో ఏటికి అది ఇంకడం మానేస్తుంది. పార్కింగ్ అంతా బండలు పరచకుండా టైర్లు వెళ్లే రెండు పట్టీలు వేసి మధ్యలో గడ్డి వదలండి.

లేఅవుట్‌లో ఉంటే వదలాల్సిన 10 శాతం ఖాళీ స్థలం ఎక్కడుందో వెతకండి. మా పక్క కాలనీలో అది కాగితం మీద పార్కు, నేల మీద ఒకరి ప్రహరీ. ముగ్గురు రిటైరైన మాస్టార్లు లేఅవుట్ కాపీ పట్టుకుని రెండేళ్లు తిరిగి వెనక్కి తెచ్చారు. ఇప్పుడక్కడ నేరేడు చెట్లున్నాయి.

ఎవరికి చెప్పాలి? ఒక్కో ఆఫీసు ఇంకో ఆఫీసు పేరు చెబుతోంది.

కట్ట, తూము, మత్తడి నీటిపారుదల శాఖవి. హద్దులు, సర్వే రెవెన్యూవి. మురుగు జలమండలి పని. ఫ్యాక్టరీ నీళ్లు వదిలితే కాలుష్య నియంత్రణ మండలి. ఔటర్ లోపల చెరువు, నాలా, పార్కు ఆక్రమణలకు హైడ్రా. చెట్టు కొట్టేస్తుంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల రక్షణ) చట్టం కింద అటవీ శాఖకు చెప్పాలి. సర్వే నంబరు, తేదీ, ఫొటో, ఫోన్‌లో లొకేషన్ కలిపి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి.

అన్నిటికన్నా గట్టిగా మాట్లాడాల్సిన సమయం మాస్టర్ ప్లాన్ ముసాయిదా పెట్టి అభ్యంతరాలు అడిగినప్పుడు. ఆ ప్రకటన పేపర్లో లోపలి పేజీల్లో చిన్న అక్షరాల్లో వస్తుంది, గడువు కొద్ది వారాలే ఉంటుంది. ముసాయిదా రాగానే మీ ఊరి నక్ష, చెరువు మ్యాపు పక్కపక్కన పెట్టుకుని, నాలా గీత ఎక్కడైనా మధ్యలో ఆగిపోయిందేమో వేలితో గీస్తూ చూడండి. ఆగిపోతే ఆ సర్వే నంబరు రాసి గడువులోపు అభ్యంతరం ఇవ్వండి. ఒక్క కాలనీ నుంచి ఒక్క ఉత్తరంగా కాకుండా ఇంటింటి నుంచీ విడివిడిగా ఇవ్వండి.